రెండు గోడల మధ్య ఊక

ముందు అనుమానం పుట్టి, ఆ వెనక దేముడమ్మ పుట్టిందని రంగూన్ చిమిండైంగ్ పేట‌లోని తెలుగువాళ్ళందరూ అంటారు. ఆమె ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. కూరలమ్మి తక్కెడ కిందికి వంగి చూడకుండా ఆమె ఏనాడూ వంకాయ కొనలేదు. గుడిలో పూజారి చేతిలో పెట్టిన కొబ్బరిచిప్పనైనా వాసన చూసిగానీ కళ్ళకద్దుకోదు. మొగుడు వెంకటరాజు బతికున్నన్నాళ్ళూ, "నా మాట నమ్మకపోతే పోయేవు గానీ, నాను సచ్చిపోయేక సచ్చిపోయేనని మాత్రం నమ్మే" అని ఆట పట్టించేవాడు. ఆయన పోయిననాడు డాక్టరు చెప్పిన మాట నమ్మలేక, ఆమె చాలాసేపు ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

వెంకటరాజు తాత విశాఖపట్నం వైపు నుంచి రంగూన్ రేవులో బస్తాలు మొయ్యడానికి వచ్చినవాడు. మనవడు బస్తాల పని మానేసి, నది ఒడ్డున షెడ్డు వేసి, ఇనప రేకులు వంచి నీళ్ళ ట్యాంకులు చెయ్యడం మొదలెట్టాడు. ఆయన పోయాక ఆ షెడ్డుని నిలబెట్టినవాడు ప్రసాదు. పూర్తి పేరు సత్యప్రసాద్. దేముడమ్మ తమ్ముడి కొడుకు. తల్లి చిన్నప్పుడే పోతే అత్త చేతి ముద్దతోనే పెరిగాడు. పెద్దయ్యాక ఓడల్లో ఇంజను పనికి పోయి, కొన్నేళ్ళు సముద్రాలన్నీ తిరిగి వచ్చి, అత్త కూతురు సత్యశ్రీనే చేసుకున్నాడు. దేముడమ్మ నమ్మే మనిషి ఈ భూమ్మీద ఒక్కడు ఉన్నాడంటే వాడు ప్రసాదే. ఆ నమ్మకం కూడా పూటపూటకీ తూకం వేసి చూసుకునేదే.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున ప్రసాదు షెడ్డు నేల మీద సుద్దముక్కతో పెద్ద సున్నా గీశాడు. దాని లోపల ఇంకో సున్నా గీశాడు. వెంకటరాజు నాటి నుంచీ ఉన్న పాత వెల్డరు సన్యాసి పక్కన నిలబడి తల గోక్కుంటున్నాడు. టీ గ్లాసు పట్టుకుని వచ్చిన దేముడమ్మ ఆ రెండు సున్నాలనీ చూసి ఆగిపోయింది.

"ఇదేటిరా, ఒక టేంకీకి రెండు గోడలు?"

"లోపలొక గోడ, బయటొక గోడ అత్తా. మజ్జిన జానెడు సందు."

"ఆ సందెందుకు?"

"నీళ్ళు గడ్డకట్టకుండా."

దేముడమ్మ నవ్వలేదు. నవ్వాల్సిన చోట ఆమె నవ్వలేదంటే అనుమానం గడప దాటి లోపలికి వచ్చేసిందన్నమాటే.

గడ్డకట్టిన నీళ్ళంటే ఏమిటో ఆమెకి తెలీక కాదు. షెడ్డు వెనకాలే చేపల బజారు. తెల్లారేసరికి ఐసు ఫ్యాక్టరీ బండ్లు మనిషి పొడవు దిమ్మలు దించుతాయి. కానీ ఐసంటే కరెంటు పెట్టి, మిషను తిప్పి చేసేది. ఆరుబయట పెట్టిన ట్యాంకులో నీళ్ళు వాటంతటవే రాయిలా బిగుసుకోవడం ఏమిటి? రంగూన్‌లో మధ్యాహ్నం పూట మేడ మీద ట్యాంకు నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటే బొబ్బలెక్కుతాయి.

"ఏ ఊరికిరా ఇది?"

"ఉత్తరాన బర్మా కొసకి, పుటావో ఊరు దాటి ఇంకా పైకెళ్ళాలత్తా. మంచు కొండల కింద. అక్కడ సలికాలం రేత్రి బకెట్లో నీళ్ళు పొద్దున్నకి రాయయిపోతాయి. గడ్డకడితే నీళ్ళు ఉబ్బుతాయి. రేకెంత దళసరైనా సీలిపోద్ది. పోయినేడు అక్కడున్న సిన్న ఆస్పత్రి టేంకీ అలాగే సీలిపోయింది. పురుటికొచ్చిన ఆడోళ్ళకి మంచుగెడ్డలు కుండలో కరగబెట్టి ఇచ్చేరంట."

ఇంకా చాలా చెప్పాడు. ఆస్పత్రి వంటపొయ్యి మీదుగా ఒక గొట్టం తిప్పి, వేణ్ణీళ్ళు ట్యాంకు అడుగున తిరిగేలా చేస్తాడట. బయటికి పోయే గొట్టాన్ని నడుం లోతున పాతిపెడతాడట. ట్యాంకు పైన ఎప్పుడూ కొంత ఖాళీ వదలాలట. దేముడమ్మ అన్నీ వింది. ట్యాంకు నిండుగా ఉంటేనే ఇంటికి మంచిదని నమ్మే మనిషికి, పైన ఖాళీ వదలాలన్న మాటే నచ్చలేదు. అయినా ఓర్చుకుని అసలు ప్రశ్న అడిగింది.

"ఆ జానెడు సందులో ఏటి పోస్తావు?"

"ఊక."

అంతే. దొంగ దొరికిపోయాడనుకుంది.

ఊక సంగతి చిమిండైంగ్ ఆడదానికి ఎవరూ చెప్పక్కర్లేదు. చేపల బజారులో ఐసు దిమ్మల్ని ఊకలో పాతిపెడతారు. ఎర్రటి ఎండలో కూడా అవి పొద్దుగూకేదాకా కరగవు. ఊక పోసేదే ఐసు ఐసులా ఉండటానికి. మరి నీళ్ళు గడ్డకట్టకూడదని ఊక పోస్తానంటాడేమిటి? తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నాడట వెనకటికొకడు. అబద్ధమైనా అతికేలా ఆడాలి కదా, ఇంత పచ్చిగానా!

అబద్ధం ఎందుకన్నది ఆమెకి చిటికెలో తట్టింది. కిందటేడు పక్క వీధిలో డ్రమ్ములు చేసేవాడి షెడ్డుని మిలిటరీవాళ్ళు మూయించేశారు. డ్రమ్ముకి ఒకదాని కింద ఒకటి రెండు అడుగురేకులు వేసి, ఆ రెండింటి మధ్యా ఏదో పంపించాడట. ఏం పంపించాడో ఎవరూ పైకి చెప్పరు. వాడు ఎక్కడున్నాడో వాడి పెళ్ళానికే తెలీదు. ఆ మనిషి ఇప్పటికీ మూసిన తలుపుల ముందు నిలబడి వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటుంది. అప్పటినుంచీ ఊరు దాటే లారీలన్నిటినీ ఆపి ఇనప కడ్డీతో తట్టి చూస్తున్నారు. బోలుగా మోగితే ఒక లెక్క, మొద్దుగా మోగితే ఇంకో లెక్క. సందు నిండా ఊక కూరి మధ్యలో ఏదైనా పెడితే, ఎక్కడ తట్టినా ఒకేలా మోగుతుంది. ఊక నీళ్ళ కోసం కాదు, చప్పుడు కోసం. అదే నిజమైతే షెడ్డు పోతుంది, ప్రసాదు పోతాడు, ఆ మూసిన తలుపుల ముందు రేపు నిలబడేది సత్యశ్రీ.

ఆ రోజు నుంచీ ఆమె కళ్ళు ప్రసాదుని వదల్లేదు. మనిషి మామూలుగా లేడు. ఫోను మోగితే షెడ్డు చివర, నది వైపు పోయి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "సయామా, సయామా" అంటున్నాడు. సయామా అంటే పంతులమ్మ కావచ్చు, నర్సమ్మ కావచ్చు. ఇంకెవరో ఆడమనిషి కూడా కావచ్చు. దేముడమ్మ ఒక పూట ఆ దారిన కూడా అనుమానపడి, కూతుర్ని కదిపి చూసింది.

"నీ మొగుడు ఆ గుసగుసలు ఎవుర్తితోనే?"

"ఆస్పత్రి నర్సమ్మతో. ప్రసాదుతో ఓడలో పనిసేసినాయన సెల్లెలు." సత్యశ్రీ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా చెప్పింది.

మొగుడు పరాయి ఆడదానితో గుసగుసలాడుతుంటే తలెత్తని పెళ్ళాం ఉంటుందా? ఉండదు. అంటే దీనికీ తెలుసు. ఇద్దరూ ఒకటే. ఒకే ఇంట్లో ఒకే కంచం దగ్గర కూర్చుని తనొక్కదాని కళ్ళు కప్పుతున్నారు. దేముడమ్మకి కోపం వచ్చింది, కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. ఏడిస్తే వాళ్ళు జాగ్రత్తపడతారని మింగేసింది.

ఆ సాయంత్రం ప్రసాదు ఆలస్యంగా భోజనానికి వచ్చాడు. రంగూన్‌లో ఇప్పుడు కరెంటు వంతులవారీగా వస్తుంది. వచ్చినప్పుడు పిల్లలు "మీ లాబీ!" అని వీధంతా అరుస్తారు, కరెంటొచ్చిందని. ఆ కేక వినగానే దేముడమ్మ కుక్కరు పెట్టేస్తుంది. ఉడికిన అన్నం గిన్నెని మూలనున్న వెదురుబుట్టలో దించి, చుట్టూ కప్పెట్టేసి, పైన గోనె పరుస్తుంది. ఎవరు ఏ వేళకి వచ్చినా చల్లన్నం పెట్టడం ఆమెకి నచ్చదు. ఆ పూటా అల్లుడికి పొగలు కక్కే అన్నమే పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఒరే, ఆ సందులో ఊక కాకుండా మరేటి పోయకూడదా?"

"ఎందుకు పోయకూడదూ, దూది పోయొచ్చు, నురగ పోయొచ్చు. కొండ మీద అయ్యన్నీ ఎవుడు తెస్తాడు? ఊకైతే తడిసినా మళ్ళీ మార్సుకుంటారు." పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వాడు. "అయినా ఊక సంగతి నీకంటే ఎవులికి తెలుసు అత్తా!"

వెక్కిరిస్తున్నాడనుకుంది దేముడమ్మ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం చూసిందిగానీ, ఇలా ఎదురు వెక్కిరించే దొంగని ఇప్పుడే చూస్తోంది.

"ఊకదంపుడు మాటలు నా దగ్గిరొద్దు. తిను."

ట్యాంకు తయారైంది. మూడువేల గ్యాలన్లది. షెడ్డు కప్పుకి తగులుతుందా అన్నంత ఎత్తు. లోపలి గోడలో నీళ్ళు నింపి, కారడం లేదని చూశారు. రెండు గోడల మధ్యా ఊక పోయడానికి పైన మూతలు, ఎప్పుడైనా తీసి మార్చడానికి అడుగున మూతలు, అన్నిటికీ బోల్టులు. ప్రసాదు పురుగు పట్టకుండా సున్నం కలిపి ఆరబెట్టిన ఊకని తన చేతులతోనే కూరి కూరి పోశాడు. బయటివాళ్ళెవరినీ ఆ పనికి రానివ్వలేదు. దేముడమ్మ అదీ గమనించింది.

మర్నాడు అతను లారీ కాగితాల మీద సంతకం కోసం ఊరి నడిబొడ్డున చౌక్తడాలో సర్కారు ఆఫీసుకి పోయాడు. ఆ ఆఫీసుకి పోయినవాడు మధ్యాహ్నం దాటకుండా రాడు. కూతురు పబేడాన్ బజారు‌లో ఏదో కొనాలని వెళ్ళింది. దేముడమ్మ షెడ్డు తలుపు లోపలి నుంచి గడియ పెట్టింది.

"సన్యాసీ, అడుగు మూతలు తియ్యి."

"ప్రసాదుబాబుకి తెలుసా అమ్మా?"

"ఈ షెడ్డు ఎవుల్దిరా?"

సన్యాసి రెంచీ తెచ్చి బోల్టులు విప్పాడు. ఊక జలజలా కారి నేల మీద గుట్టపడింది. కడ్డీతో కెలికిన కొద్దీ ఇంకా ఇంకా వచ్చింది. దేముడమ్మ చీర దోపుకుని, గుట్ట ముందు చతికిలబడి, మోచేతుల దాకా చేతులు దూర్చి వెదికింది. పిడికెడు పిడికెడూ నలిపి చూసింది. ఊకతో షెడ్డంతా నిండిపోయింది. దుమ్ముకి దగ్గొచ్చింది, సున్నానికీ నూగుకీ చేతులు ఎర్రగా పొంగి మండిపోయాయి. దొరికింది ఏమిటయ్యా అంటే ఒక విరిగిన చీపురుపుల్ల.

ఇంకెవరైనా అయితే అక్కడితో సిగ్గుపడి ఊరుకునేవారు. ఏమీ దొరక్కపోవడం తప్పు చెయ్యలేదనడానికి గుర్తని దేముడమ్మ ఏనాడూ ఒప్పుకోలేదు. ఇక్కడ పెట్టలేదంటే దారిలో పెడతారన్నమాట. లారీలు బయల్దేరే గేటు దగ్గరో, మధ్యలో ఇంకెక్కడో మూతలు విప్పి, ఊకలో పెట్టి, మళ్ళీ బిగిస్తారు. అందుకేగా బోల్టులు! సరే, ఆ దారీ మూసేస్తే పోయె. ఊక లేకపోతే గోడ గంటలా మోగుతుంది. మూతలు అతికేస్తే అందులో ఎవడూ ఏదీ పెట్టలేడు. ప్రసాదు ఏ పాపంలో కాలు పెట్టినా, ఆ పాపం ఈ ట్యాంకులో మాత్రం ఎక్కదు. కొండ మీద ఆస్పత్రి ఉందన్నది నిజమే అయితే వాళ్ళకి నీళ్ళ ట్యాంకు ఎలాగూ వెళుతుంది. ఇలా ఆలోచించుకుని తన తెలివిని తానే మెచ్చుకుంది.

"ఊకంతా బస్తాలకెత్తీ. మూతలన్నీ ఎల్డింగు సేసీ. పైవీ, కిందవీ. రంగేసీ."

"అమ్మా..."

"సేసీ."

ఊక బస్తాలు వంటింటి వెనక్కి చేరాయి. పారెయ్యడానికి ఆమెకి చేతులు రాలేదు, పొయ్యిలోకైనా పనికొస్తుందిలే అనుకుంది.

సాయంత్రం ప్రసాదు వచ్చి ట్యాంకు చుట్టూ తిరిగి చూశాడు. దేముడమ్మ ఎర్రబడ్డ చేతుల్ని చీర కొంగు కిందికి లాక్కుంది.

"మూతలు అతికించేసేరేటి?"

"వాన నీరు దిగితే ఊక కుళ్ళిపోద్దని."

ప్రసాదు కాసేపు ఆలోచించి తలూపాడు. "మంచి పని సేయించేవత్తా. మార్సాల్సినప్పుడు కోసుకోవొచ్చులే. నాకు తట్టనేలేదు."

మెచ్చుకున్నాడు! దేముడమ్మకి ఎక్కడో కలుక్కుమంది. అంతలోనే, దొంగ అయినవాడు మూతలు మూసినందుకు సంతోషిస్తాడా అని ఒక ప్రశ్న తలెత్తింది. దాన్ని పెరగనివ్వలేదు. నటన అనుకుంది.

మర్నాడు లారీ వచ్చింది. షెడ్డు దాటే ప్రతి ట్యాంకుకీ పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టడం వెంకటరాజు పెట్టిన ఆనవాయితీ. దేముడమ్మ పసుపు రాస్తుంటే ప్రసాదు దగ్గరికి వచ్చి, అలవాటుగా అరచేత్తో గోడని చరచబోయాడు.

"తట్టకు! బొట్టెట్టినదాన్ని తట్టకూడదు."

అలాంటి శాస్త్రం తెలుగుదేశంలోనూ లేదు, బర్మాలోనూ లేదు. అప్పటికప్పుడు ఆమె నోట్లో పుట్టింది. ప్రసాదు చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ చేత్తోనే అత్త కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ట్యాంకు పోతుంటే తన కాళ్ళకి దణ్ణమెందుకని ఆమె ఆలోచించేలోపు క్రేను శబ్దంలో అంతా కొట్టుకుపోయింది. అతను డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఊరి చివర బేయింనౌంగ్ లారీల గేటు దాకా దిగబెట్టి వస్తాడు కాబోలనుకుంది.

మధ్యాహ్నం "మీ లాబీ!" కేక వినబడింది. దేముడమ్మ అన్నం వండి బుట్టలో దించింది. పొద్దు వాలింది. ప్రసాదు రాలేదు. గుమ్మంలో కూర్చున్న సత్యశ్రీ పమిటతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఏటే? ఏటయింది? పట్టుకున్నారా?"

"పట్టుకోడమేటి?" సత్యశ్రీ తెల్లబోయింది. "ఆడు టేంకీతో పాటు కొండకెల్తన్నాడమ్మా. సలికాలమంతా అక్కడే ఉంటాడు. మొదటేడు దగ్గరుండి సూసుకోవాలంట. రేత్రి పొయ్యి ఆరిపోకుండా, గొట్టాల్లో నీళ్ళు నిలిసిపోకుండా ఆళ్ళకి నేర్పాలంట. మిలిటరీలోకి పట్టుకుపోడానికి దారిలో బస్సుల్లోంచి మగోళ్ళని దించేస్తన్నారని నువ్వు ఎల్లనివ్వవనీసి సెప్పలేదు. ఎల్లేక సెప్పమన్నాడు."

దేముడమ్మ గోడకి చేరబడింది. గుసగుసలకీ, గొంతు తగ్గించడానికీ, కూతురు తలెత్తకపోవడానికీ, కాళ్ళకి దణ్ణానికీ అన్నిటికీ ఒక్కసారే జవాబొచ్చింది. ఇంట్లో రహస్యం ఉన్నదన్నది నిజమే. అనుమానం సరైనదే, అడ్రసే తప్పు. కూతుర్ని తిట్టింది. అల్లుణ్ణి తిట్టింది. పోయిన మొగుణ్ణి కూడా రెండు తిట్టింది. తిట్టి తిట్టి, చివరికి ఆమె నోట వచ్చిన మాట వేరు.

"అన్నం తిన్నాడా?"

"లేదు. లారీ తెల్లారి కదుల్తాదంట. గేటు కాడే పడుకుంటాడు."

"అన్నం తినకుండా కొండలెక్కుతాడంట వీడు!" అంటూ లేచి, మూలనున్న బుట్ట మీద గోనె తీసి, రెండు చేతులూ లోపలికి పెట్టింది.

గిన్నె చురుక్కుమని కాలింది.

ఎప్పుడో మధ్యాహ్నం వండిన అన్నం. బయట సందె చీకటి పడుతోంది. గిన్నె మీది మూత కదిలిస్తే ఆవిరి మొహానికి కొట్టింది. దేముడమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు. కాలుతున్న గిన్నె చుట్టూ తన వేళ్ళ మధ్య గుచ్చుకుంటున్నదాన్ని, ఎన్నాళ్ళనుంచో తన చేత్తోనే ఈ బుట్టలో కూరుతున్నదాన్ని, మొట్టమొదటిసారి చూసినట్టు చూసింది.

ఊక.

గోడకి అవతల బజారులో ఐసుని కరగనివ్వనిది అదే. గోడకి ఇవతల తన వంటింట్లో అన్నాన్ని చల్లారనివ్వనిది అదే. ఊకకి చల్లదనమూ లేదు, వేడీ లేదు. లోపలిదాన్ని బయటికి పోనివ్వదు, బయటిదాన్ని లోపలికి రానివ్వదు. పొయ్యి మీద కాగిన నీళ్ళ వెచ్చదనాన్ని ఆ కొండ చలి లాక్కుపోకుండా పట్టుకుంటుంది, అంతే. "ఊక సంగతి నీకంటే ఎవులికి తెలుసు అత్తా" అన్నాడు పిచ్చి మారాజు, నోటి నిండా ఈ అన్నమే పెట్టుకుని. అతను వెక్కిరించలేదు. నిజంగానే ఆమెకి తెలుసనుకున్నాడు.

ఆ ట్యాంకు ఇప్పుడు ఉత్త డొల్ల. దాన్ని నమ్ముకుని అతను మంచు కొండల కింద చలికాలమంతా కాపలా కాస్తాడు. ఎన్ని కట్టెలు తగలేసినా నీళ్ళు గడ్డకడతాయి, రేకు చీలుతుంది, పురుటి మంచం మీద ఆడది నీళ్ళో అంటుంది. ప్రసాదు తన పనిలో తప్పు ఎక్కడుందా అని వెతుక్కుంటాడు. అత్త దగ్గర ఉందని కలలో కూడా అనుకోడు.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఆ మాట కూడా ఒక్క క్షణం ఆమె మనసులోకి వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"సన్యాసిని కేకెయ్యే! బండి తెమ్మను. గ్యాసు సిలిండరూ, కట్టరూ ఎట్టమను. ఆ ఎనకనున్న బస్తాలన్నీ ఎక్కించమను."

"ఏ బస్తాలమ్మా?"

దేముడమ్మ అన్నం బుట్టని ఒళ్ళో పెట్టుకుని మూడు చక్రాల బండిలో బస్తాల మధ్య కూలబడింది.

బేయింనౌంగ్ గేటులో లారీలు వరసగా నిలిపి ఉన్నాయి. పసుపు బొట్లతో ఉన్న ట్యాంకు దూరం నుంచే కనిపించింది. ప్రసాదు లారీ పక్కన నిలబడి తాళ్ళు బిగిస్తున్నాడు. అత్తని చూడగానే తల దించుకున్నాడు.

"నన్నాపకత్తా. సెప్పకుండా ఎల్లడం తప్పే. కానీ నన్నాపకు."

"ఆపడానికి రాలేదు."

ఆమె ట్యాంకు దగ్గరికి వెళ్ళి, చేతికందినంత మేర పిడికిలితో గోడని కొట్టింది. ఖాళీ బిందెలా ఖణేల్మంది. పక్క లారీ డ్రైవరు కూడా తిరిగి చూశాడు.

ప్రసాదుకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఓడ ఇంజన్ల చప్పుడు విని జబ్బు చెప్పినవాడు. ట్యాంకు వైపు చూశాడు, సన్యాసి వైపు చూశాడు. సన్యాసి నేల వైపు చూశాడు.

"నానే తీయించేను. నువ్వు సౌక్తడా ఎల్లిన రోజున. అందులో ఏదో దాసి పంపిస్తన్నావనుకున్నాను. ఎతికేను. ఏటీ లేదు. దారిలో ఎడతావేమోనని మూతలు అతికించేసేను." అంతా ఒక్క బిగువున చెప్పేసింది. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. "డ్రమ్ములోడి పెళ్ళాంలాగ మన సత్తెశ్రీ నిలబడతాదేమోననీసి బయపడ్డాన్రా."

"నన్నడగొచ్చు కదత్తా."

"అడిగేను. నువ్వు నిజమే సెప్పేవు. నాను నమ్మలేదు."

ప్రసాదు చాలాసేపు ఆమె చేతుల్ని చూశాడు. మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు. నిన్న సాయంత్రం కూడా ఉన్నాయవి, చీర కొంగు కింద. ఇప్పుడు వాటిని ఎలా తెచ్చుకుందో అతనికి అర్థమవుతోంది. అతను అరవలేదు. అరిచి ఉంటే ఆమెకి కొంచెం తేలికగా ఉండేది.

"సన్యాసీ, పై మూతలు కొయ్యి," అన్నాడు.

నీలం మంట లేచింది. మూతలు ఊడాయి. బండిలోంచి మొదటి బస్తా దించారు. దేముడమ్మ తాడు విప్పి, బస్తా మూతి రెండు చేతులతో వెడల్పుగా పట్టుకుంది. ప్రసాదు దాన్ని ఎత్తుకోబోయి ఆగాడు. ఒక్క క్షణం బస్తాని చూశాడు, అత్తని చూశాడు.

"ఇందులో ఊకేనా?"

"ఊకే."

అతను చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి దాటేదాకా లోపలికి దూర్చాడు. అడుగు దాకా కెలికాడు. గుప్పెడు తీసి, దీపం వెలుగులో నలిపి చూసి, అప్పుడు పైకి అందించాడు. రెండో బస్తాకీ అంతే చేశాడు. మూడోదానికీ అంతే. బస్తా వెనక బస్తా, ఒక్కదాన్ని కూడా ఊరికే పోనివ్వలేదు. దేముడమ్మ అతనికి వీలుగా ఉండేలా ప్రతి బస్తా మూతినీ ఇంకాస్త వెడల్పు చేసి పట్టుకుంది.

గోడ నిండింది. సన్యాసి మూతలు మళ్ళీ అతికాడు. ప్రసాదు అరచేత్తో గోడని చరిచాడు. మొద్దుగా పలికింది. అతను తలూపి, గోనెతో చేతులు తుడుచుకున్నాడు.

దేముడమ్మ బండిలోంచి వెదురుబుట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. అల్లుడయ్యాక కూడా ఆమె అతన్ని ఏనాడూ ఒరే అనకుండా పిలవలేదు.

"అన్నం తెచ్చేను బాబూ. ఏడిగా ఉంది."

ప్రసాదు లారీ మెట్టు మీద కూర్చుని బుట్టని దగ్గరికి లాక్కున్నాడు. గోనె తీసి, గిన్నె అంచు పట్టుకోబోయినవాడు ఆగి, ముందు వేళ్ళని ఊకలోకి దింపాడు. గిన్నె చుట్టూ ఒక్కసారి తిప్పి చూశాడు. ఏమీ లేదని తేల్చుకున్నాక, అప్పుడు గిన్నె పైకి తీశాడు.